వెల్డా కొనుక్కున్న చీకటి ఇల్లు

ఎడారి ఊరు పామ్ స్ప్రింగ్స్‌లో ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంట్లందరికీ వెల్డా క్రోనిన్ తెలుసు. వారమంతా స్కూలు బస్సు తోలుతుంది. ఆదివారం వచ్చిందంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని, అమ్మకానికి పెట్టిన ఇళ్ళు చూడడానికి బయలుదేరుతుంది. అన్ని ఇళ్ళూ కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఈ ఎడారిలో వరసగా లేచిన ఇళ్ళే ఆమెకు కావాలి. చదునైన కప్పు, నేల నుంచి దూలం దాకా అద్దాలు, అరికాళ్ళకు చల్లగా తగిలే మొజాయిక్ నేల, వీధి వైపు జాలీ ఇటుకల గోడ.

భర్త విడిచి వెళ్ళిన ఏడాది, ఆదివారాలు ఎలా గడపాలో తోచక మొదటిసారి అలాంటి ఇంట్లోకి అడుగుపెట్టింది. ఎవరిదో సోఫా అంచున కూర్చుని అద్దంలోంచి కొండను చూస్తూ ఉండిపోయింది. లేచేసరికి, ఇంతసేపూ ఏడుపు రాలేదని గుర్తొచ్చింది. అప్పటినుంచి ఆ అలవాటు మానలేదు. ఆమె కొనే మనిషి కాదని ఏజెంట్లకు తెలుసు. అయినా ఎవరూ విసుక్కోరు. గ్వెన్ అనే ఏజెంటయితే, "వెల్డా, కాసేపు ఇక్కడే తిరుగుతుండవే. లోపల మనుషులు కనిపిస్తే మిగతావాళ్ళూ వస్తారు" అని బతిమాలేది.

ఒక ఆదివారం ఆ గ్వెనే ఊరి ఉత్తరం వైపు ఒక ఇంటి ముందు బోర్డు పెట్టింది. బయటి నుంచి చూస్తే వెల్డాకు నచ్చే ఇల్లే. రెక్కలు విప్పిన పక్షిలా పైకి లేచిన కప్పు, ముందు బలిసిన కలబంద. తలుపు తీసి లోపలికి వెళ్తే మాత్రం పట్టపగలే చీకటి. అద్దాలుండాల్సిన చోటల్లా గోధుమరంగు చెక్క పలకలు. కింద మాసిపోయిన కార్పెట్. చూడడానికి వచ్చినవాళ్ళు ముఖాలు చిట్లించుకుని వెనక్కి తిరుగుతున్నారు.

వెల్డాకు కడుపు మండిపోయింది. "అద్దాల ఇల్లు కొనుక్కుని దానికి దుప్పటి కప్పిన మహానుభావుడు ఎవరో! గబ్బిలాలను పెంచాడా ఏమిటి?" అంది గట్టిగా. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు.

వంటగదిలో కాఫీ కప్పు కడుక్కుంటున్న పెద్దాయన ఒకడు కుళాయి కట్టేసి ఇటు తిరిగాడు. "నేనేనమ్మా కప్పింది" అన్నాడు. కోపంగా కాదు, పేరు అడిగితే చెప్పినట్టు.

వెల్డాకు నేలలోకి కుంగిపోయినట్టయింది. అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, ఆయన దగ్గరికి వెళ్ళింది. "క్షమించండి. నోటికొచ్చింది వాగాను."

"ఇల్లు బాగా చూసినవాళ్ళకే అంత కోపం వస్తుంది" అన్నాడాయన. పేరు హార్లన్ టిబ్బెట్స్. టెలిఫోను కంపెనీలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. "మా ఆవిడ మార్విస్‌కు ఎండ పడేది కాదు. లూపస్ అంటారు ఆ జబ్బును. ఎండ తగిలితే చాలు, ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం, కీళ్ళు బిగుసుకుపోవడం. ఈ ఇంట్లోకి వచ్చాకే బయటపడింది."

"మరి ఇల్లు మారలేకపోయారా?"

"నేనూ అదే అన్నాను. 'నువ్వు కావాలంటే మారు, నేను మాత్రం ఇక్కడే ఉంటా' అంది. ఇక ఏం చేస్తాను? ఒక్కో గదీ మూసుకుంటూ వచ్చాను." పడమటి గోడలో ఒక పలకను పక్కకు జరిపి చూపించాడు. దాని వెనక సన్నటి అద్దం, అద్దంలో కొండ. "పొద్దు కొండ వెనక్కి దిగాక ఇది తీసేవాణ్ణి. తను కుర్చీ ఇక్కడ వేసుకుని, చీకటిపడేదాకా కూర్చునేది."

మార్విస్ పోయి నాలుగేళ్ళయింది. ఆయన ఒంటరిగా ఉండలేక, ఊళ్ళోనే ఉన్న చెల్లెలి అపార్ట్‌మెంటుకు మారుతున్నాడు.

తర్వాతి రెండు ఆదివారాలూ వెల్డా ఆ ఇంటికే వెళ్ళింది. కప్పు కారుతోందని, చీకటి కొట్టులా ఉందని మిగతావాళ్ళు వదిలేశారు. మూడో ఆదివారం గ్వెన్ దగ్గరికి వెళ్ళి, "నేను కొంటాను" అంది. "నువ్వా?" అంటూ గ్వెన్ పక్కనున్న కుర్చీలో కూలబడింది. తానుంటున్న ట్రెయిలర్ ఇల్లు అమ్మేసి, బ్యాంకులో అప్పు తీసుకుని, వానలు రాకముందే వెల్డా ఆ ఇంట్లో మంచం వేసుకుంది.

కప్పు బాగుచేయించడం అయ్యాక, బస్సుల గ్యారేజీలో మెకానిక్ రూబెన్ లూహన్ సుత్తీ, ఇనుప పలుగూ పట్టుకుని సాయానికి వచ్చాడు. "మధ్యాహ్నానికల్లా ఈ చెక్కంతా పొయ్యిలో పెడదాం" అని పలుగును పలక సందులో దోపబోయి ఆగిపోయాడు.

"వెల్డా, ఇటు రా. ఈయన ఒక్క మేకైనా కొట్టలేదు."

నిజమే. పడమటి గోడలో జరిగేది తప్ప పలకలన్నీ స్క్రూలతో బిగించి ఉన్నాయి. ఒక్కో స్క్రూ తల మీద చెక్క రంగు మైనం. రూబెన్ ఒకటి ఊడదీశాడు. వెనక అద్దపు చట్రానికి గీత పడకుండా ఉన్ని గుడ్డ పట్టీలు అంటించి ఉన్నాయి.

"మళ్ళీ ఊడదీయాలనే కట్టాడు, పెద్దాయన" అన్నాడు రూబెన్, గొంతు తగ్గించి.

వెల్డా ఆ స్క్రూను మళ్ళీ బిగించమంది. రూబెన్‌ను భోజనం పెట్టి పంపించి, హార్లన్ చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ఆయన టీవీ ముందు కూర్చుని బేస్‌బాల్ చూస్తున్నాడు.

"మీరొకసారి ఇంటికి రావాలి, మిస్టర్ టిబ్బెట్స్."

"నేనెందుకు? ఇల్లు నీది. పగలగొట్టుకో."

"స్క్రూలు చూశాను."

హార్లన్ టీవీ గొంతు తగ్గించాడు. "తనకు నయమైన రోజున ఒక్క పూటలో తీసేద్దామనుకున్నా. ఏటా చలికాలంలో వాటికి నూనె పెట్టేవాణ్ణి, తుప్పు పట్టకుండా. తను పక్కనే కూర్చుని ఎగతాళి చేసేది. 'హార్లన్, ఆ నూనేదో నీ మోకాళ్ళకు రాసుకోరాదూ, లేస్తుంటే తలుపులా కిర్రుమంటున్నాయి' అని."

"తర్వాత?"

"పోయాక పెట్టలేదు."

రానని ఖచ్చితంగా చెప్పాడు. వెల్డా బలవంతపెట్టలేదు. కానీ ఆ శనివారం పొద్దున్నే ఆయన పాత ట్రక్కు వచ్చి ఇంటి ముందు ఆగింది. చేతిలో సొంత స్క్రూడ్రైవర్. దిగుతూనే, సాయానికి వచ్చిన రూబెన్ కాళ్ళ దగ్గరున్న పలుగు చూశాడు. "మీ కుర్రాడి పలుగు చూస్తే భయమేసింది. అద్దాలు పగిలిపోతాయి" అన్నాడు. కుర్రాడు అనిపించుకున్న రూబెన్‌కు మనవలున్నారు.

హాల్లో మొదలుపెట్టారు. తుప్పు పట్టిన వాటికి నూనె పోసి నానబెట్టారు. హార్లన్ ఒక్కో స్క్రూ తిప్పి ఊడదీశాడు. వెల్డా పలకను భుజంతో ఆపి పట్టుకుంది. ఆఖరి స్క్రూ రాగానే ఇద్దరూ కలిసి పలకను పక్కకు దించారు. దుమ్ము కొట్టుకుపోయిన అద్దం, కింద చచ్చిన రెక్కపురుగులు, ఆ దుమ్ములోంచే గది మధ్యదాకా వచ్చిపడిన ఎండ. రూబెన్ కార్పెట్ అంచు ఎత్తి చుట్టుకుంటూ పోయాడు. కింద మొజాయిక్ నేలలో తెల్లటి, ఆకుపచ్చటి రాళ్ళు బయటపడ్డాయి.

"సామాను రాకముందు ఇక్కడే డాన్సు చేశాం, మార్విస్, నేనూ" అన్నాడు హార్లన్. "రేడియో కూడా లేదు. తనే పాడింది. గొంతు అంత బాగుండేది కాదులే."

ఆ మాట అని బయటికి వెళ్ళి ట్రక్కులో కూర్చున్నాడు. కొంతసేపు చూసి వెల్డా వెనకే వెళ్ళింది. "వెళ్ళిపోతున్నారా?"

"లేదమ్మా. ఆ వెలుతురుకు కళ్ళు అలవాటు పడనీ."

ఆమె పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. కాసేపటికి ఆయనే తలుపు తీసుకుని దిగాడు.

నెల రోజుల పాటు ప్రతి శనివారం వచ్చాడు. వంటగది తెరుచుకుంది, వెనక వసారా తెరుచుకుంది. మధ్యాహ్నాలు రూబెన్ భార్య మొక్కజొన్న పిండితో చేసి పంపిన తమాలేలు తినేవాళ్ళు. ఏ తీగ ఎక్కడినుంచి వెళ్తుందో, ఏ కుళాయి ఎందుకు మొరాయిస్తుందో హార్లన్ చెప్తుంటే వెల్డా గోడల మీదే పెన్సిలుతో రాసుకునేది. చివరికి పడకగది మిగిలింది. స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆయన ఆ గుమ్మంలో నిలబడిపోయాడు. మార్విస్ పోయింది ఆ గదిలోనే.

"ఇది వద్దు" అంది వెల్డా.

"నా కోసమైతే ఉంచకు. జాలిపడి చేసేవి నాకు పడవు."

"జాలీ లేదు, పాడూ లేదు. బస్సు కోసం తెల్లవారుజామున లేస్తాను. మధ్యాహ్నం ఒక కునుకు తీయకపోతే సాయంత్రం ట్రిప్పులో పిల్లల్ని తీసుకెళ్ళి ఏ కొండకో గుద్దేస్తాను. ఈ ఊళ్ళో ఇంత చీకటి గది నాకు ఇంకెక్కడ దొరుకుతుంది?"

హార్లన్ నవ్వాడు. ఆయన నవ్వడం వెల్డా చూడడం అదే మొదలు. "మార్విస్ వినుంటే నిన్ను ముద్దుపెట్టుకునేది" అన్నాడు.

మరుసటి ఏడు చలికాలం పోతుండగా, పాత ఇళ్ళను ఊరి జనానికి చూపించే ఉత్సవం వాళ్ళు వచ్చారు. హాలు చూసి మురిసిపోయారు. పడకగది తలుపు తీసి ముఖాలు చూసుకున్నారు. అదొక్కటీ మొదట ఉన్నట్టు చేస్తే, ఉత్సవంలో ఈ ఇంటిని తప్పకుండా చేరుస్తామన్నారు.

"అయితే చేర్చకండి" అంది వెల్డా. వాళ్ళకు కాఫీ ఇచ్చి పంపించింది.

"నాలుగు పలకలేగా. పావుగంటలో తీసి, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ బిగించేస్తా" అన్నాడు రూబెన్.

"ముట్టుకున్నావంటే చేతులు విరుగుతాయి."

ఆ తర్వాత రెండేళ్ళకు హార్లన్ చెల్లెలు ఓరెగాన్‌లో ఉన్న కూతురి ఊరికి మారింది. అన్ననూ తీసుకెళ్ళింది. అక్కడంతా వాన, పచ్చదనం, ఎక్కడ చూసినా చెట్లేనని ఆయన ఫోనులో గొణుగుతాడు. ఇంటిని గురించి ఎక్కువ అడగడు. ఎడారిని గురించే అడుగుతాడు.

"గాలి మొదలైందా?"

"నిన్నటి నుంచి. కారు షెడ్డు నిండా ఇసుకే."

"ఊడవకు. ఆగేదాకా ఊడ్చి లాభం లేదు."

"ఊడ్చేశాను."

"మొండిదానివి" అంటాడు హార్లన్. ఆమె తలుపు తీసి, ఆయనకు వినబడేలా ఫోనును గాలికి ఎదురుగా పట్టుకుంటుంది.