అప్పలస్వామి తాతను బతికించుకోవడానికి ఫిల్మ్‌నగర్ వెళ్ళిన వైనం

మా ఊరి పోస్టాఫీసుకు వచ్చే సినిమా వారపత్రిక నిజానికి కరణంగారి అబ్బాయిది. అతనికి పంపేముందు నేనొకసారి తిరగేస్తాను. పోస్టుమాస్టరుకు ఆ మాత్రం హక్కు లేకపోతే ఎలా? ఎనభైల నడుమ ఒక వేసవిలో, తెల్లదొరల మీద మా కొండల్లో జరిగిన పితూరీని సినిమాగా తీస్తున్నారని ఆ పత్రికలో చదివాను. కథ కూడా వేశారు. గెడ్డ దగ్గర కాల్పుల్లో నాయకుడి ప్రాణస్నేహితుడు అప్పలస్వామి వీరమరణం పొందుతాడట. మావైపు వాగును గెడ్డ అంటాం. ఆ అప్పలస్వామి సరిగ్గా ఆ వేళకు నా అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

ఎనభై దాటిన మనిషి. పితూరీలో ఉన్నవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. ఏటా జెండా పండగకు ఆయన మెడలో దండ వేసేది నేనే. చదివి వినిపించగానే చుట్ట ఆర్పేశాడు.

"నన్ను సంపేసినారా? ఎల్లి అడుగుదాం పద," అన్నాడు.

ఆ వారంలోనే మధ్యాహ్నం రెండింటి బస్సుకు బయల్దేరాం. బస్సు దగ్గరికి పైడమ్మ వచ్చింది. ఈమె అన్న సింగన్న ఆ కాల్పుల్లోనే తోటివాళ్ళను వదిలేసి పారిపోయాడని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. అరవై ఏళ్ళయినా ఆమెను పారిపోయినోడి చెల్లెలనే అంటారు. ఆమెకు మనియార్డరు వస్తే పోస్ట్‌మాన్‌కు నేనూ ఆ గుర్తే చెప్పి పంపుతాను. వేయించిన జీడిపప్పు గుడ్డలో మూటకట్టి తాత చేతికిచ్చి, "అన్నా, ఆ బొమ్మలో మా సింగన్న కూడా ఉన్నాడేమో సూడు," అంది. తాత పలక్కుండా మెట్టెక్కేశాడు. ఆయనకు సరిగ్గా వినపడలేదనుకున్నాను.

తునిలో హైదరాబాదు బండి సాయంత్రం ఏడు దాటాక వచ్చింది. జనరల్ పెట్టెలో వెళ్ళేవారు ఇంజను వైపు నిలబడండి, వెనకవైపు చోటుంటుందని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. రాజమండ్రి బట్టల వ్యాపారి ఒకాయన మా సంగతి విని, పితూరీ వీరుడు నిలబడి ప్రయాణం చేయడమేమిటని తన చోటు ఇచ్చి, కాళ్ళకు దండం కూడా పెట్టాడు. తాత చోటు పుచ్చుకున్నాడు గాని కాళ్ళు లోపలికి ముడుచుకున్నాడు. నేను మాత్రం గర్వంగా ఒంటికాలి మీద నిలబడ్డాను.

పొద్దున్న ఏడింటికి సికింద్రాబాదు. స్టేషను బయట ఇడ్లీ తిని, సిటీ బస్సులో ఎర్రగడ్డ వెళ్ళి, మా బావమరిది గదిలో స్నానాలు చేశాం. అక్కణ్ణుంచి ఆటో. ఎక్కడికని అడిగి, "ఫిల్మ్‌నగరా? గాడ రోడ్డు ఖరాబున్నది, మీటరు మీద పది ఇయ్యాలె," అన్నాడు ఆటో ఆయన. మా పని చెబితే తాతను ఒకసారి వెనక్కి తిరిగి చూసి, "సినిమాల సచ్చినంక గూడ తిరుగుతున్నడంటే పెద్దాయన గట్టోడే," అన్నాడు. పది మాత్రం తగ్గించలేదు.

జూబ్లీ హిల్స్‌లో దారి పొడుగునా ఎత్తైన గేట్లు, గేటుకొక గూర్ఖా, లోపల కుక్క అరుపులు. కార్లు తప్ప నడిచే మనిషి కనపడలేదు. ఈ ఇళ్ళల్లో మడుసులుండరా అని తాత అడిగాడు. ఉంటారుగాని నడవరని చెప్పాను.

పదిన్నరకు షూటింగు దగ్గర దిగాం. ఫిల్మ్‌నగర్‌లో అప్పటికి రాళ్ళగుట్టలకు కొదవలేదు. ఆ గుట్టల్లో చెట్లు లేవు కనుక కొమ్మలు నరికి తెచ్చి, తీగతో బండలకు కట్టి మా అడవిని తయారుచేశారు. గెడ్డను తవ్వి టార్పాలిన్ పరిచారు. నీళ్ళు టాంకరులో వచ్చాయి. పొద్దున్న పితూరీదారులుగా ఉన్న జూనియర్ ఆర్టిస్టులే మధ్యాహ్నం ఎర్ర తలపాగాలు చుట్టుకుని సిపాయిలవుతారట. రెండు గుంపుల్ని పెట్టడం ప్రొడ్యూసరుగారికి కిట్టదు. అందుకని పొద్దున్న చచ్చినవాళ్ళు మధ్యాహ్నం తమను తామే కాల్చుకుంటారు. తాత అదంతా శ్రద్ధగా చూశాడు.

కో డైరెక్టరు మంచివాడు, కుర్చీలు వేయించాడు. మా ఫిర్యాదు పూర్తిగా విని నొచ్చుకున్నాడు కూడా.

"ఇంటర్వెల్ ముందు ఒక చావు పడాలండీ. మీరు బతికుంటే హీరోగారికి కోపం ఎందుకొస్తుంది?" అన్నాడు.

దారి పొడుగునా తయారుచేసుకున్న ఉపన్యాసంలో ఇంటర్వెల్ ప్రస్తావనే లేదు. ఇంతలో సినిమాలో అప్పలస్వామి వేషం వేస్తున్నతను వచ్చాడు. పేరు జోజిబాబు, కృష్ణా జిల్లావాడు, తల్లితో ఎర్రగడ్డలో ఉంటున్నాడు. తొమ్మిదేళ్ళుగా గుంపులో పరిగెడుతున్నవాడికి పేరున్న వేషం, పైగా ఒక డైలాగు, మొదటిసారి దొరికాయి. అతను వచ్చి తాత ముందు గొంతుక్కూర్చుని మెల్లగా చెప్పాడు.

"తాతగారూ, మీరు బతికితే నేను మళ్ళీ గుంపులోకేనండీ. మా అమ్మ చర్చిలో అందరికీ చెప్పేసింది."

తాత అతని భుజం మీద చెయ్యి వేశాడు గాని ఏ మాటా ఇవ్వలేదు. రిహార్సల్ మొదలైంది. తుపాకీ పేలింది. జోజిబాబు రెండు చేతులూ ఆకాశానికెత్తి, గుండ్రంగా తిరిగి, డైలాగు మొత్తం చెప్పి, గెడ్డలో పడ్డాడు. బాగా చచ్చాడని అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. పక్కకు చూస్తే కుర్చీలో తాత లేడు. చెప్పులతోనే గెడ్డలోకి దిగుతున్నాడు.

"ఇలాగ పడడు బాబూ," అన్నాడు జోజిబాబుతో. "కడుపులో తగిలితే ముందు కూకుంటాడు. నీళ్ళడుగుతాడు. 'అప్పలసామీ, ఉండరా' అంటాడు. నాను ఉండనేదు."

కో డైరెక్టరుకు అర్థం కాలేదు. నేను మాత్రం కుర్చీలోంచి లేచాను. తాత నావైపు చూడకుండా మిగతాది కూడా చెప్పేశాడు.

"సచ్చినోడు సింగన్న. పారిపోయినోడ్ని నాను. ఊళ్ళో తిరగేసి సెప్పినాను. ఈ బాబుకి సింగన్న పేరెట్టండి."

ఎవరైనా కోప్పడతారేమో, కనీసం ఆశ్చర్యపోతారేమో అనుకున్నాను. "పేరేగా," అన్నాడు కో డైరెక్టరు తేలిగ్గా. అసిస్టెంటు బాల్‌పెన్నుతో ఫైల్లో కొట్టేసి రాశాడు. పారిపోయినవాణ్ణి కూడా చూపిస్తారా అని తాతే అడిగాడు. కథకు అడ్డం వస్తాడని వద్దన్నారు. అరవై ఏళ్ళ అబద్ధాన్ని దిద్దడానికి పట్టిన సమయం టీ గ్లాసులు తిరిగొచ్చేంత కూడా కాదు. జోజిబాబు ఈసారి కూర్చున్నాడు, నీళ్ళడిగాడు. చప్పట్లు కొట్టడం ఎవరికీ తోచలేదు. మధ్యాహ్నం సాంబారన్నం సిపాయిలతో కలిసి తిన్నాం. తాత ముద్ద కలిపాడు గాని తినలేకపోయాడు.

సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. పక్క సీటు మనిషి ఏం పని మీద వచ్చారని అడిగితే, సినిమాలో చంపేస్తున్నారని అడగడానికి వచ్చామని చెప్పాను. బతికించారా అన్నాడు. బతికించారన్నాను. నాకు తాత మీద కోపంగా ఉంది, జాలిగానూ ఉంది. పైడమ్మ ఇంటిగుర్తు నేను ఎన్నిసార్లు చెప్పానో గుర్తొచ్చి నా మీద నాకు అసహ్యం వేసింది. ఫిల్మ్‌నగర్ చూసొచ్చినవాళ్ళందరూ అక్కడంతా నాటకమే అంటారు. నేనూ అలాగే రాద్దామని నోటుబుక్కు కొనుక్కెళ్ళాను. ఏటా నేను వేసిన దండల తర్వాత ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

మర్నాడు పదింటికి ఊళ్ళో బస్సు దిగాం. తాత తన వీధివైపు తిరగలేదు. సంచి నేను పట్టుకుని వెనకే నడిచాను. పైడమ్మ గుమ్మంలోనే ఉంది. మా అన్న ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడమ్మా అని, ఆమె మంచం వాల్చబోతుంటే వద్దని, ఆయన నేల మీద కూర్చున్నాడు. ఎండన పడి వచ్చాడని ఆమె చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాత ఆ చెంబును రెండు చేతులా పట్టుకుని, తాగకుండా పక్కన పెట్టాడు.

"ముందు ఇను," అన్నాడు.