ఉప్పలమ్మ అడగకముందే ఇచ్చింది

బస్తర్ సంస్థానంలో కొంటా దవాఖానాకు భీమశంకరం డాక్టరుగా వచ్చేనాటికి ఉప్పలమ్మ ముప్పై ఏళ్లుగా పురుళ్లు పోస్తోంది. పెనిమిటి పోయాడు, పిల్లల్లేరు. శబరి నది మీద పడవ నడిపే తమ్ముడు ముత్తయ్య ఇంట్లో ఉండేది. దోర్ల తెగవాళ్ల కోడలు నందే, ముగ్గురు బిడ్డల తల్లి, ఆమె దగ్గర పని నేర్చుకుంటోంది.

ఆ ఏడు కమ్లీ అనే ఆమెకు కాన్పయ్యాక మాయ పడలేదు. నందే ఆమె కడుపు అదిమి పట్టుకుంది, ఉప్పలమ్మ బొడ్డుతాడు లాగింది. మాయతో పాటు గర్భసంచీ తిరగబడి బయటికొచ్చింది. చూస్తుండగానే నెత్తురంతా పోయి కమ్లీ చనిపోయింది.

మర్నాడు ఇద్దరూ దవాఖానాకు వెళ్లారు. డాక్టరు అంతా విని, తాడు లాగకూడదనీ, మాయ ఊడేదాకా ఆగాలనీ చెప్పాడు.

"లోపలి సంగతి నీకెట్ల ఎరుక?" అంది ఉప్పలమ్మ.

"విశాఖపట్నంలో చదివేటప్పుడు శవాలను కోసి చూపించారమ్మా."

"ఎవరియి?"

"ఆసుపత్రిలో చనిపోయి, నా అన్నవాళ్లు రానివాళ్లవి."

"వాళ్లను అడిగిండ్రా?"

డాక్టరు తలెత్తలేదు. "లేదు."

ఉప్పలమ్మ బల్ల మీది కాగితం అతని ముందుకు జరిపింది. "నా ఒళ్లు నేనే ఇస్తన్న. రాసుకో."

నందే నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది. విశాఖపట్నం వారం ప్రయాణమనీ, అన్నాళ్లు శవం నిలవదనీ డాక్టరు నచ్చజెప్పబోయాడు.

"అంతదూరం ఏంది? ఈ నందేకు చూపియ్యి. మంత్రసానులందర్నీ పిలిచి చూపియ్యి."

డాక్టరు రాసిన కాగితం మీద ఉప్పలమ్మ వేలిముద్ర వేసి లేచింది.

మూడేళ్లకు నిమ్ముచేసి ఉప్పలమ్మ చనిపోయింది. కాగితం సంగతి విని ముత్తయ్య మండిపడ్డాడు.

"మా అక్క దిక్కులేని శవమా? ఒళ్లు కోయనిస్తే కులపోళ్లు నా గడప తొక్కుతరా?"

"కమ్లీని మా చేతులతోనే చంపుకున్నమన్నా," అంది నందే. "అట్ల ఇంకో తల్లి పోవద్దనే ఇచ్చింది. నేను పక్కనే ఉన్న."

ముత్తయ్య చాలాసేపు గడపలోనే కూర్చున్నాడు. చివరికి, "పొద్దుగూకేలోపు మా అక్కను నాకు అప్పజెప్పుండ్రి," అన్నాడు.

నలుగురు మంత్రసానులు వచ్చారు. మొదటి కోతకే ఇద్దరు బయటికి వెళ్లిపోయారు. నందే ఉప్పలమ్మ ముఖం మీద గుడ్డ కప్పి నిలబడింది. గర్భసంచీ దేన్ని పట్టుకుని ఉంటుందో, మాయ ఎక్కడ అతుక్కుంటుందో, లాగితే ఏది తిరగబడుతుందో డాక్టరు ఒక్కొక్కటీ చూపించాడు. ఆ సంచి జామపిందెంత ఉంది.

"ఇంతేనా?" అంది నందే. ఇన్నేళ్లూ ఆమె చేతులు ఊహించుకున్నది వేరు. డాక్టరు చెబితే వేలుపెట్టి తడిమింది. చల్లగా ఉంది. ఏడుపు రాలేదు. చూడాల్సింది చాలా ఉంది, ఎండ కిటికీ దాటిపోతోంది.

డాక్టరు కుట్లు వేశాక నందే ఉప్పలమ్మకు స్నానం చేయించి చీర కట్టింది. ముత్తయ్య పొద్దుండగానే ఏటిగట్టున పూడ్చాడు. దినం నాడు కులంవాళ్లు సగం మంది భోజనానికి రాలేదు. అతను ఎవరినీ బతిమాలలేదు.

నందే తర్వాత పాతికేళ్లు పురుళ్లు పోసింది. ఆమె చేతుల్లో తల్లులు పోలేదని కాదు, ఇద్దరు పోయారు. వాళ్లెందుకు పోయారో ఇంటివాళ్లకు చెప్పగలిగింది.