మూడో గది నేల

కోవిల్‌పట్టి దాపున నల్లరేగడి చేలో పత్తి తీస్తున్నప్పుడు తపాలా విమానం చప్పుడు వినబడితే చాలు, పేచ్చియమ్మాళ్ నడుమెత్తి నిలబడుతుంది. ఒడిలో పత్తి జారిపోతున్నా పట్టదు, చెయ్యెత్తి ఊపుతుంది. పైనుంచి ఎవరూ బదులు ఊపింది లేదు. పత్తి కలిసొచ్చిన ఏడాది తిరుచెందూరు సముద్రపొడ్డున ఆమె యాత్రికులకు విడిది కట్టించి, గదిగదికీ విమానం ముచ్చటే ఉండాలంది. ఒక గది గోడకు రెక్కలు, ఇంకోదానికి మబ్బులు కుదిరాయి. సముద్రంవైపు ఉన్న మూడో గదిలో మాత్రం బొమ్మలు వేసే మునుసామికి గోడ చూపలేదు, నేల చూపింది.

“ఈడ మా చేను వెయ్యి. మంచంమింద పండుకున్నోళ్లకి, పైన పోతా చూసినట్ట ఉండాల.”

“తొక్కేస్తారమ్మా!”

“చేనంటే తొక్కకుండా ఉంటారా?”

రంగులారాక ఆమె మంచమెక్కి బోర్లా పడుకుని, అంచునుంచి తొంగి చూసింది. నల్లటి చేను, తెల్లటి పత్తి, నడుమ నువ్వుగింజంత మనిషి.

“అది నేనేనా?”

“మీరేనమ్మా.”

“చెయ్యెత్తినట్ట వెయ్యి మునుసామీ.”

సన్నకుంచెతో అతను చెయ్యెత్తించాడు. పేచ్చియమ్మాళ్ మంచంమీదినుంచి చెయ్యి చాచి, కిందికి బదులు ఊపింది.