రెండు గుండ్లు, ఒక టై

ఇప్పుడు మణికొండలో మూడేళ్ల పిల్లను ప్లేస్కూల్లో చేర్చాలంటే ముందు తల్లిదండ్రులనే కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తున్నారు గానీ, మా చిన్నప్పుడు చందానగర్ అవతల మా ఊళ్లో ఎవరు ఏ బడికి పోవాలో ఇంట్లోనే తేలిపోయేది. నేనూ తమ్ముడూ కవలలం. నాయన ఏడో తరగతి దాకా చదివి, బర్రెలు పెట్టుకుని కాలనీల్లో పాలు పోసేవాడు. అమ్మ బడి గడప తొక్కలేదు. పాల మీద వచ్చే రాబడి ఒక్కరి ఫీజుకే సరిపోతుంది కాబట్టి, మగపిల్లవాడని తమ్ముణ్ణి వ్యానెక్కించి ఇంగ్లీషు నర్సరీకి, నన్ను పలకతో అంగన్‌వాడీకి పంపారు. అది అన్యాయమని ఎవరికీ అనిపించలేదు. నాకు మాత్రం వాడి ఎర్ర టై చూస్తే ప్రాణం కొట్టుకునేది. (వాడికేమో అంగన్‌వాడీలో పెట్టే ఉడికించిన గుడ్డు మీద ప్రాణం. దేవుడు వడ్డించేటప్పుడు మా విస్తళ్లు తారుమారు చేశాడు.)

ఇంతలో మొక్కు తీర్చడానికి వేములవాడ వెళ్లి మా ఇద్దరికీ గుండ్లు చేయించారు. తిరిగొచ్చాక ఎవరు ఎవరో పక్కింటి అవ్వకు కూడా అంతుపట్టలేదు. ఒక పొద్దున వ్యాను హారన్ వినగానే తమ్ముడు మంచం కింద దూరాడు. నాయన పాలకు వెళ్లిపోయాడు. నేను వాడి నిక్కరూ చొక్కా తొడుక్కుని, టై మెడకు తగిలించుకుని వ్యానెక్కేశాను. "ఏందిరా, ఇయ్యాల ఏడుస్తలేవు?" అన్నాడు డ్రైవరన్న. మర్నాడూ నేనే ఎక్కాను, ఆ మర్నాడూ నేనే. వాడు నా పలక పట్టుకుని అంగన్‌వాడీకి పోయేవాడు. కొన్నాళ్లకు కోస్తా నుంచి వచ్చిన మా టీచరమ్మ, పాలు పోయించుకుంటూ, "మీ బాబు ఎంత మారిపోయాడండీ! అన్నీ టకటకా చెప్పేస్తున్నాడు" అని నాయనతో అన్నదట. నాయన నేల మీద నడవలేదు. "మగపిలగాడు గదా, జర ఆలస్యమైనా అందుకుంటడు" అని ఊరంతా చెప్పుకొచ్చాడు.

ఒక ఆదివారం మేనమామ వస్తే, "మావోని ఇంగ్లీషు ఇను బామ్మర్దీ" అని నాయన తమ్ముణ్ణి ముందు నిలబెట్టాడు. వాడు చేతులు కట్టుకుని, "సోమారం గుడ్డు, మంగళారం పప్పు, బుధారం మల్ల గుడ్డు" అని గడగడా అప్పజెప్పాడు. మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. నాయన మొహం నల్లబడింది. అది చూడలేక నేను మంచమెక్కి, ఏ నుంచి జెడ్ దాకా ఒక్క గుక్కలో చదివేశాను. చదివాక గానీ నా కొంప నేనే ముంచుకున్నానని తెలియలేదు. రేపటి నుంచి వ్యాను ఉండదని ఏడుపు తన్నుకొచ్చింది.

నాయన అమ్మ మీదికి లేచాడు. "ఏందే గిది? ఇంట్ల ఉంటవు, నీకు తెల్వదా?"

అమ్మ పెనం మీద రొట్టె తిప్పుతూ, "ఇద్దరియి గుండ్లాయె. నాకెట్ల ఎరుకైతది?" అంది. ఇంకో రొట్టె పెనం మీద వేసి, "కట్టిన పైసలు దండగైతలేవు గదా. వానికి ఆడ మంచిగున్నది, దీనికి ఈడ మంచిగున్నది. ఇగ మార్చుడెందుకు?" అంది.

నాయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. చివరికి, "ఆ టై జర సక్కగ కట్టుకొమ్మను" అని బర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు. (తమ్ముడు తర్వాత ఊరి బడిలో బాగానే చదివాడు. దిగులు పడకండి.)

ఐదేళ్లకే ఇల్లూ ఊరూ అందరి కళ్లూ కప్పేశానని హైటెక్ సిటీ ఆఫీసులో భోజనాల దగ్గర ఎన్నిసార్లు గొప్పలు పోయానో! మొన్న మా పాపకు ఒళ్లు రుద్ది నీళ్లు పోస్తుంటే చేయి ఆగిపోయింది. రోజూ పొద్దున్నే మా ఇద్దరినీ నిలబెట్టి ఇలాగే నీళ్లు పోసింది అమ్మే కదా! గుండ్లు చూసి పోల్చుకోలేకపోయానని అమ్మ అంటే నాయన నమ్మాడో లేదో తెలియదు గానీ, ఇంత తెలివిగల దాన్ని, నేను మాత్రం ఇన్నేళ్లూ నమ్మాను.