ఇద్దరి తరఫునా నేను చెప్పిన సారీ

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. మనుషుల మధ్య గొడవలన్నీ మాటలు సరిగా చేరకపోవడం వల్లే వస్తాయని, చేరవేసే మనిషి తెలివైనదైతే చాలని. ఆ తెలివైన మనిషిని నేనే అనుకోవడంతో మొదలయ్యాయి నా కష్టాలు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో, వృద్ధులను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో షిఫ్టులు చూసే సీనియర్‌గా చేరి రెండు నెలలైంది, ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. పగటి డ్యూటీ వాళ్లకు పెద్ద దిక్కు గుంటూరు ఆంటీ, రాత్రి వాళ్లకు కరీంనగర్ ఆంటీ. ఇద్దరిదీ ఒకే చర్చి (కూర్చునేది మాత్రం ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు). గొడవంతా డ్రయ్యర్ దగ్గర. రాత్రివాళ్లు పెద్దవాళ్ల బట్టలు ఉతికి, ఆరబెట్టి, అందులోనే వదిలేస్తారు. మడతపెట్టడం మా పని కాదంటారు. మాది అసలే కాదంటారు పగటివాళ్లు.

ఆ గుట్టలోంచి పగటివాళ్లు చేతికందింది తొడగడంతో, ఒకరోజు బస్సు డ్రైవర్‌గా రిటైరైన తాతగారు పక్కగది బామ్మగారి గులాబీరంగు కార్డిగన్ స్వెటర్‌లో, చూడ్డానికొచ్చిన కూతురికి దర్శనమిచ్చారు (ఆయనకది తెగ నచ్చింది, విప్పనన్నారు). ఆమె కంప్లైంట్ చేసింది. మేనేజర్ నన్ను పిలిచి, రెండు వారాల్లో ఈ రెండు షిఫ్టులనూ కలపకపోతే నా ప్రొబేషన్ గురించి ఆలోచించాల్సి వస్తుందని నవ్వుతూ చెప్పింది. మీటింగ్ పెడితే రాత్రివాళ్లు నిద్రపోవాలన్నారు, పగటివాళ్లు పనుందన్నారు. డ్యూటీల రోటా మారిస్తే రెండు వైపులా అలిగారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

విసిగిపోయి అబద్ధానికి దిగాను. "ఆంటీ, కరీంనగర్ ఆంటీ మీకు సారీ చెప్పమన్నారండీ" అన్నాను.

"ఆవిడా? సారీయా?" అంది గుంటూరు ఆంటీ. "పోన్లేమ్మా, పాపం రాత్రంతా మేలుకుంటుంది గదా."

అదే మాట అటు తిప్పి రెండో ఆవిడకు చెప్పాను. "గట్లన్నదా? మంచిగనే ఉన్నది. ఆమెకు గూడ నడుము నొప్పుందట బిడ్డా" అంది. మర్నాటి నుంచి ఇటు గోంగూర పచ్చడి, అటు సకినాలు నా చేత మోయించారు. ఆ డబ్బాలతో బస్టాప్‌లో నిలబడి నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ వారంలోనే ఒక పొద్దున్న ఏడింటికి ఇద్దరూ లాండ్రీ గదిలో ఎదురుపడ్డారు. నేను వెనకే ఉన్నాను. "మీరంత పెద్ద మనసుతో సారీ చెప్పారండీ" అంది గుంటూరు ఆంటీ.

"నేనెప్పుడు జెప్పిన? మీరే గద జెప్పిండ్రు!"

ఇద్దరూ ఒక్కసారే నావైపు తిరిగారు.

"ఏమ్మా, మేం నీకు చిన్నపిల్లల్లా కనబడుతున్నామా?"

"మా పేరు మీద సారీలు జెప్పనీకి నువ్వెవ్వరు పిల్లా?"

తిడుతూనే కరీంనగర్ ఆంటీ డ్రయ్యర్లోంచి దుప్పటి లాగి, చూడకుండానే రెండు కొసలు పక్కకు చాపింది. గుంటూరు ఆంటీ తిడుతూనే అందుకుంది. ఒకరు ఊపిరి తీసుకుంటే రెండోవారు అందుకుంటున్నారు, తిట్లనీ దుప్పట్లనీ. వాళ్ల కోపం తీరేసరికి డ్రయ్యర్ ఖాళీ అయింది. ఆ తర్వాత రోజూ ఇద్దరూ కలిసే మడతపెట్టారు, నన్ను ఆడిపోసుకుంటూ. ఎలా కలిపావని మేనేజర్ అడిగితే, కమ్యూనికేషన్ అని చెప్పి ప్రొబేషన్ గట్టెక్కాను.

ఇప్పుడు రీడింగ్ అనే ఊళ్లో ఒక కేర్ హోమ్‌కి నేనే మేనేజర్ని. మొన్న కిచెన్‌లో వంటామె మీద అరిచాను, రెండు రోజులు మాటల్లేవు. కొత్తగా చేరిన తెనాలి అమ్మాయి వచ్చి, "మేడమ్, ఆవిడ మీకు సారీ చెప్పమంది" అంది, నేల చూపులు చూస్తూ. ఆ వంటామె సారీ చెప్పే మనిషి కాదు. చర్రున కోపమొచ్చింది. అంతలోనే గోంగూర డబ్బా పట్టుకుని బస్టాప్‌లో మురిసిపోతూ నిలబడ్డ వెర్రిపిల్ల గుర్తొచ్చింది.

"నా తరఫున కూడా చెప్పేశావా?" అని అడిగాను.

"నిన్ననే చెప్పేశానండీ."

లేచి కిచెన్‌కి బయల్దేరాను, ఆ పిల్లను కూడా వెంటబెట్టుకుని. కలిసి తిట్టడానికి మాకిద్దరికీ ఒక మనిషి కావాలి కదా.