రెండు వందల నలభయ్యో పేరు

టెక్సాస్ దక్షిణపు అంచున ఉన్న ఆ హైస్కూల్లో ర్యాంకుల జాబితా రాసే ఒరాలియా పది నిమిషాలు కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. స్కేలు పెట్టి ఎర్ర గీత గీస్తుంది, కిటికీ దాకా వెళ్తుంది, వచ్చి మళ్ళీ పేర్లు లెక్కపెడుతుంది. గీతకు పైనున్న వాళ్ళందరికీ పెద్ద యూనివర్సిటీలో సీటు ఖాయం. ఆమె కొత్తగా చేరినప్పుడు నూటికి పదిమంది ఆ గీతకు పైనుండేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఎనిమిదై, ఏడై, ఆరై, ఈ ఏడు ఐదుకు వచ్చింది. ఆఖరి తరగతిలో ఇప్పుడున్నది రెండు వందల ముప్ఫై తొమ్మిది మంది, అంటే గీతకు పైన పదకొండు మందే. ఇంకొక్కరుంటే పన్నెండో ర్యాంకు ఇత్సెల్ కూడా పైకొస్తుంది. అందుకే ఒరాలియా కారు తాళాలు గలగలలాడిస్తూ, మూడు వారాల కిందట బడి మానేసిన నయేలిని వెతుక్కుంటూ నారింజపళ్ళ షెడ్డుకు వెళ్ళింది.

"రేపట్నుంచి బడికొచ్చెయ్ తల్లీ."

నయేలి పళ్ళు ఏరుతూనే అడిగింది. "మూడు వారాల్లేంది ఇవాళే గుర్తొచ్చానేంటి మిస్?"

ఒరాలియాకు అబద్ధం నోట రాలేదు. "నువ్వుంటే ఇత్సెల్‌కి సీటొస్తుంది."

"ఓహో, నేను అడుగున పడుంటే చాలన్నమాట!" నయేలి నవ్వింది. కుళ్ళిన పండొకటి పక్కకు విసిరి, ఈసారి నవ్వకుండా అడిగింది. "మానేసేనాటికి నా ర్యాంకెంత మిస్?"

ఎర్ర గీత కింద పేర్లను ఏనాడూ పట్టించుకోని ఒరాలియా, చేతిలో తాళాలు చప్పుడు లేకుండా, కదలకుండా నిలబడిపోయింది.