బంగారం లేని గుట్ట

మొన్న నానక్‌రామ్‌గూడలో బంధువుల పెళ్ళికి వెళితే, వేదిక మీద మా పిన్ని తమ్ముడికి శాలువా కప్పుతున్నారు. తింటున్న బూరె వదిలేసి, చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేశాను.

తెలంగాణ ఉద్యమం రోజులు మన తరానికి గుర్తే కదా. జీడిమెట్లలో మా బాబాయికి రాళ్ళలో బంగారం ఎంతుందో తేల్చే చిన్న ల్యాబ్ ఉండేది. కెమిస్ట్రీ చదువుకుని, గుంటూరు నుంచి వచ్చి అందులోనే చేరాను. రాతిపొడిని సీసపు పొడితో కలిపి కొలిమిలో కరిగిస్తే బంగారం సీసంతో పాటు అడుక్కి దిగుతుంది. ఆ ముద్దను ఎముకల బూడిదతో చేసిన గిన్నెలో మళ్ళీ కాలిస్తే, సీసాన్ని గిన్నె పీల్చేసుకుని, నలుసంత పూస మిగులుతుంది. అది కనబడిన ప్రతిసారీ ఒళ్ళు పులకరించేది.

పిన్ని తమ్ముడికి, అంటే బాబాయి బావమరిదికి, హైటెక్ సిటీలో అద్దాల ఆఫీసు. తన గుట్టలో బంగారముందని వాటాలు అమ్మబోతూ, మాకు రాతిపొడి సంచులు పంపాడు. పూస ఏకంగా ఆవగింజంత వచ్చింది! అనుమానంతో మిగిలిన పొడిని భూతద్దం కింద పెడితే, ఆకురాయితో నగను గీకిన రజను, వంకీలు తిరిగి మెరుస్తోంది. గుట్ట చూస్తామన్నవాళ్ళకు మాత్రం, "బందులండీ, రాస్తారోకోలండీ, దారిలో ఏమవుతుందో" అని సర్దిచెప్పేవాడు. పిల్లలు రోడ్డెక్కి లాఠీదెబ్బలు తింటుంటే, దాన్ని కూడా తన మోసానికి వాడుకున్నాడు.

మా కొలిమి చూసే అతన్ని అన్నా అని పిలిచేదాన్ని. గుట్ట ఉన్న మెదక్ వైపే అతనిది. ఒక బంద్ నాడు అతని స్కూటర్ మీద గుట్టకు బయలుదేరాం. దారిలో కుర్రాళ్ళు అడ్డుపడి, "ఏడికి పోతున్రు? బంద్ అని ఎరుక లేదా?" అన్నారు.

"గీ అక్క రాళ్ళు పరీక్ష చేస్తది తమ్మీ. మన గుట్ట పేరు చెప్పి ఎవడో లోకాన్ని ముంచుతుండు, జర పోనియ్యిన్రి" అన్నాడు అన్న. దారిచ్చారు.

మా చేతులతో కొట్టి తెచ్చిన రాళ్ళను కాలిస్తే, గిన్నెలో ఏమీ మిగల్లేదు. ఆ గిన్నె బాబాయి ముందు పెట్టాను. దాన్ని పక్కకి జరిపి, "సంచిలో ఏముందో చెప్పడమే మన పనమ్మా, ఎవరు కలిపారో మనకెందుకు?" అంటూ రిపోర్టు మీద సంతకం పెట్టేశాడు.

"థూ! గీ కొలిమి ఇగ ముట్ట" అని అన్న వెళ్ళిపోయాడు. నేనూ మానేశాను. వాటాలు కొనబోతున్న మా మేనత్తకు చెబితే, అయినవాళ్ళ పరువు తీస్తావా అని నన్నే తిట్టి, పొలం అమ్మిన సొమ్మంతా అందులో పోసింది. కంపెనీ మూతపడింది, అత్త మంచాన పడింది, పిన్ని తమ్ముడి మీద మాత్రం ఈగ కూడా వాలలేదు.

రాష్ట్రం వచ్చింది. గుట్టను కంకర కొట్టి టవర్లలో పోశారు. బాబాయీ పోయాడు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. తూకం వేసేటప్పుడు ఊపిరి బిగబట్టమనేవాడు, గాలి తగిలితే కొలత అబద్ధమైపోతుందని. అలాంటి మనిషి ఎప్పుడు మారిపోయాడో, పక్కనే ఉండి కూడా నాకు తెలియలేదు.